డియాల్నెట్: అనంతపురంలో కూర్చుని స్పానిష్ నవలల మీద పరిశోధన చేసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

స్పానిష్ సాహిత్యం మీద ఏ పత్రికలో ఏ వ్యాసం వచ్చిందో చూపించే సూచిక డియాల్నెట్. ఉత్తర స్పెయిన్‌లో లొగ్రోన్యో ఊర్లో ఉన్న లా రియోహా విశ్వవిద్యాలయం 2001లో దీన్ని మొదలుపెట్టింది. స్పెయిన్, లాటిన్ అమెరికా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు తమ దగ్గరికొచ్చే పత్రికల విషయసూచికలను ఇందులో ఎక్కిస్తుంటాయి. వాడుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. 1936–39 అంతర్యుద్ధాన్ని, అందులో గెలిచిన ఫ్రాంకో నియంతృత్వాన్ని, ఆ తర్వాతి రోజులను ఇప్పటి స్పానిష్ నవల ఎలా గుర్తు చేసుకుంటోంది అన్న విషయం మీద పనిచేయాలంటే మొట్టమొదట తెరవాల్సింది ఇదే. కానీ దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే థీసిస్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎటు ఒరుగుతుందో, దేంతో సరిచేసుకోవాలో ఈ సమీక్షలో చూద్దాం.

అనంతపురంలో ఇదెవరికి పని అని అడిగేవాళ్లుంటారు. ఇద్దరికి పని. కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, ఇక్కడి కాలేజీల్లోనో ఇంగ్లీషు ఎంఏ, పీహెచ్‌డీ చేస్తూ తులనాత్మక సాహిత్యం వైపు చూసేవాళ్లు ఒకరు. ఆర్‌డీటీ విదేశీ భాషల కేంద్రంలో స్పానిష్ నేర్చుకుని, ఉద్యోగంతో ఆగకుండా ఇంకా చదవాలనుకునేవాళ్లు రెండోవారు. మొదటివాళ్లకు సిద్ధాంతం తెలుసు, భాష రాదు. రెండోవాళ్లకు భాష వచ్చు, పరిశోధన పద్ధతి తెలియదు. ఇద్దరూ కలిసి కూర్చుంటే సగం పని తేలికవుతుంది.

స్పెయిన్ యుద్ధం మనకు మరీ దూరపు సంగతేమీ కాదు. ఆర్‌డీటీని స్థాపించిన, ఈ జిల్లా ఫాదర్ అని పిలుచుకున్న విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టాడు. పద్దెనిమిదేళ్లు నిండీ నిండకముందే ఫ్రాంకోను ఎదిరించిన రిపబ్లికన్ సైన్యంలోకి పోయి, 1938 ఎబ్రో యుద్ధం చూశాడు. ఓడిన సైన్యంతోపాటు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని అర్జెలెస్ శిబిరంలో పడ్డాడు. ఆ ఏడు పిలిచిన కుర్రాళ్లను స్పెయిన్‌లో ‘పాలసీసా బ్యాచ్’ అని ఇప్పటికీ అంటారు. హవియేర్ సెర్కాస్ 2017లో రాసిన ‘ఎల్ మొనార్కా దె లాస్ సోంబ్రాస్’ నవల అదే ఎబ్రోలో అవతలి పక్షాన, అంటే ఫ్రాంకో వైపు పోరాడి, పంతొమ్మిదేళ్లకే చనిపోయిన తన బంధువు మనుయెల్ మేనా గురించి. థీసిస్ విషయం కోసం తడుముకునే అనంతపురం విద్యార్థికి ఇంతకంటే దగ్గరి దారి దొరకదు. ఎందుకో ఇక్కడ దాన్నెవరూ పట్టించుకోరు.

ఇక వాడకానికి వద్దాం. పైనున్న వెతుకుడు గడిలో మాటలు కొట్టగానే ఫలితాలు వస్తాయి, పక్కన వడపోతలు కనిపిస్తాయి: ఏ రకం రచన, పూర్తి పాఠం ఉందా లేదా, ఏ దశకానిది. పేజీని ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు గానీ మారేవి మెనూలే, వ్యాసాల పేర్లు వాటి భాషలోనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు పొరపాటుపడేది ఇక్కడే. డియాల్నెట్ వ్యాసం లోపలి పాఠాన్ని వెతకదు. శీర్షిక, రచయిత పేరు, సారాంశం, కీలకపదాలు, ఇంతవరకే దాని చూపు. అందుకే ఇంగ్లీషులో ‘స్పానిష్ సివిల్ వార్ మెమరీ నావెల్’ అని కొడితే వచ్చేవి కొన్నే. అవే మాటలు స్పానిష్‌లో కొడితే పేజీలకు పేజీలు వస్తాయి.

ఏ మాట కొడుతున్నామన్నదాన్ని బట్టి ఏ కాలపు చర్చ కనిపిస్తుందో మారిపోతుంది. ‘గెర్రా సివిల్’, అంటే అంతర్యుద్ధం అని కొడితే 1980ల వ్యాసాలు కూడా వస్తాయి. ‘మెమోరియా ఇస్తోరికా’, అంటే చారిత్రక స్మృతి అని కొడితే దాదాపు అన్నీ 2000 తర్వాతివే. ‘ఇస్తోరికా’ స్పెల్లింగు మొదట్లో పలకని హెచ్ అక్షరం ఉంటుంది, మరచిపోకండి. ‘పోస్‌మెమోరియా’ అంటే యుద్ధం చూడని మనవల తరం అమ్మానాన్నల, తాతల బాధను మోయడం గురించిన వ్యాసాలు. ‘మెమోరియా దెమోక్రాతికా’, అంటే ప్రజాస్వామ్య స్మృతి అన్న మాట ఎక్కువగా ఈ మధ్య వ్యాసాల్లో, అదీ చట్టం చుట్టూ తిరిగే చర్చల్లో. ఇవి కాక యుద్ధం తర్వాతి కాలానికి వాడే ‘పోస్‌గెర్రా’, నియంతృత్వం నుంచి ప్రజాస్వామ్యానికి మారిన కాలానికి వాడే ‘త్రాన్సిసియోన్’, ప్రవాసానికి వాడే ‘ఎక్సీలియో’, అడవుల్లో దాక్కుని పోరాడినవాళ్లకు వాడే ‘మాకిస్’, సామూహిక సమాధులకు వాడే ‘ఫోసా’ కూడా ఒక్కొక్కటిగా కొట్టి చూడాలి. అన్నీ ఒకేసారి గడిలో పెడితే ఫలితాలు సున్నాకు దగ్గరపడతాయి. రెండు మాటలు, ఒక రచయిత ఇంటిపేరు, అంతకు మించొద్దు.

ఒక నవలతో ఈ పని చేసి చూద్దాం. అల్బెర్తో మెందేస్ ‘లోస్ హిరసోలెస్ సియేగోస్’ 2004లో వచ్చింది. రచయిత అదే ఏడాది డిసెంబరులో చనిపోయాడు, 2005లో జాతీయ కథన బహుమతి ఆయన లేకుండానే వచ్చింది. పుస్తకం నాలుగు ‘ఓటములు’గా ఉంటుంది: 1939, 1940, 1941, 1942. పుస్తకం పేరు ఒక్కటే కొడితే నవల మీది వ్యాసాలు, 2008లో హోసే లూయిస్ క్వెర్దా తీసిన సినిమా మీది వ్యాసాలు కలగాపులగంగా వస్తాయి. సినిమా ప్రధానంగా నాలుగో ఓటమి మీద నడుస్తుంది, రెండో దాన్ని అందులో అల్లుకుంది. మొదటిది, మూడోది అందులో లేవు. సినిమా వ్యాసాలు చదివి పుస్తకం గురించి రాస్తే సగం పుస్తకం మాయమవుతుంది. పేరు పక్కన ‘మెందేస్’ చేర్చండి, సినిమావి చాలావరకు కిందికి జారతాయి. తర్వాత దశకాల వడపోతలో 2000ల ముక్క, 2010ల ముక్క విడివిడిగా చూడండి. మొదటి ముక్కలో పుస్తక సమీక్షలు, బహుమతి నాటి స్పందన. రెండో ముక్కలో సిద్ధాంత వ్యాసాలు. ఏ ముక్కలో ఏ వాదన మొదలైందో పక్కన కాగితం మీద రాసుకుంటూ పోతే సాహిత్య సమీక్ష అధ్యాయం సగం తయారైనట్టే.

సెర్కాస్ ‘సోల్దాదోస్ దె సలమీనా’ దగ్గర ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. నవల 2001లో వచ్చింది. ఫ్రాంకో వైపున్న ఫాసిస్టు పార్టీ ఫలాంజే నాయకుడు రఫాయెల్ సాంచెస్ మసాస్‌ను 1939 జనవరి 30న కొయెల్ దగ్గర కాల్చి చంపబోతే తప్పించుకుని అడవిలో పడ్డ సంఘటన దానికి ఆధారం. అది నిజంగా జరిగింది. నవలలో కథ చెప్పేవాడి పేరు కూడా హవియేర్ సెర్కాసే, తను రాస్తున్నది నిజమైన కథనం అనే అంటుంటాడు. 2003లో దావిద్ త్రువేబా తీసిన సినిమాలో ఆ పాత్ర ఆడమనిషి. దేని మీద రాసిన వ్యాసమో చూసుకోకుండా ఉటంకిస్తే ‘కథకురాలు’ అని థీసిస్‌లోకి వచ్చి కూర్చుంటుంది, గైడ్ చదివితే పట్టుకుంటారు, చదవకపోతే వైవా రోజు పరువు పోతుంది. ఈ నవల మీద కుప్పలుగా వ్యాసాలు ఉన్నాయి, కొత్తగా చెప్పేది తక్కువ. ఎంఏ స్థాయికి సరే గానీ పీహెచ్‌డీకి దీన్ని ఒక్కదాన్నే ఎన్నుకోకండి.

డియాల్నెట్‌లో అందరూ దాటిపోయే బంగారం ఒకటుంది. థీసిస్‌ల పేజీలు. ఒక్కో పీహెచ్‌డీ పేజీలో పర్యవేక్షకుడి పేరుతోపాటు పరీక్షించిన బృందం పేర్లన్నీ ఉంటాయి: అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యులు. స్మృతి నవలల మీద ఒక మంచి థీసిస్ దొరికితే దాని పరీక్షకుల పేర్ల మీద ఒక్కొక్కటిగా నొక్కండి. ఒక్కో పేరు కింద వాళ్లు రాసిన వ్యాసాలు, పుస్తకాల్లో అధ్యాయాలు, వాళ్లు పర్యవేక్షించిన ఇతర థీసిస్‌లు వరుసగా వస్తాయి. ఈ రంగంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అప్పుడు తెలుస్తుంది. గూగుల్ స్కాలర్ ఈ పని చేసిపెట్టదు. అలాగే పుస్తకం పేజీ అడుగున ఆ పుస్తకం మీద వచ్చిన సమీక్షలుంటే అవీ జతచేసి ఉంటాయి. కొనడానికి ముందు రెండు సమీక్షలు చదివితే డబ్బు మిగులుతుంది.

ఇక లోపాలకు వస్తే, మొదటిది అందరికీ తగిలేదే. డియాల్నెట్ సూచిక, పుస్తకాల గది కాదు. అడంగల్ చూస్తే ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో తెలుస్తుంది, అంతమాత్రాన శనక్కాయలు ఇంటికి రావు. కొన్ని వ్యాసాలకు పీడీఎఫ్ అక్కడే దొరుకుతుంది, కొన్నింటికి లింకు పత్రిక సైటుకు పోతుంది, ఇంకొన్నింటికి పేరు తప్ప ఏమీ లేదు. పత్రిక సైటు మారిపోతే లింకు చచ్చిపోతుంది. అప్పుడు వ్యాసం శీర్షికను కొటేషన్లలో పెట్టి మామూలు గూగుల్‌లో వెతకండి, ఆ విశ్వవిద్యాలయం కొత్త సైటులో దొరికే అవకాశం ఎక్కువ. అలికాంతె విశ్వవిద్యాలయం పత్రిక ‘అనాలెస్ దె లితెరతూరా ఎస్పన్యోలా’, వయదోలిద్ నుంచి వచ్చే ‘కస్తియా’, స్పెయిన్ జాతీయ దూరవిద్యా విశ్వవిద్యాలయం ‘సిగ్నా’, అల్కలా నుంచి వచ్చే ‘పసవెంతో’, ఈ నాలుగూ ఉచితంగా చదవనిస్తాయి. ఖాతా తెరిచి వీటికి ఈమెయిల్ హెచ్చరిక పెట్టుకుంటే కొత్త సంచిక రాగానే విషయసూచిక ఇంటికొస్తుంది.

రెండో లోపం బయటికి కనబడదు, అందుకే ఎక్కువ చెడగొడుతుంది. పాత వ్యాసాల పేజీల్లో శీర్షిక తప్ప సారాంశం ఉండదు. కొత్త వాటికి సారాంశం, కీలకపదాలు, ఇంగ్లీషు అనువాదం అన్నీ ఉంటాయి. వెతుకుడు యంత్రం చూసేది వాటినే కాబట్టి ‘మెమోరియా’ అని కొడితే కొత్తవే తేలతాయి. అలా చూస్తే స్పెయిన్‌లో గతాన్ని తవ్విన నవల 2001లో సెర్కాస్‌తో మొదలైందన్న అభిప్రాయం కలుగుతుంది. ఇది తప్పు. కార్మెన్ మార్తీన్ గైతె ‘ఎల్ క్వార్తో దె అత్రాస్’ 1978లో వచ్చి ఆ ఏడే జాతీయ బహుమతి తెచ్చుకుంది. హువాన్ మర్సే నవల ‘సి తె దీసెన్ కె కాయీ’ 1973లో మెక్సికోలో అచ్చయింది, స్పెయిన్‌లో సెన్సారు దాన్ని ఆపింది. హూలియో యమసారెస్ కొండల్లో దాక్కున్న గెరిల్లాల మీద ‘లూనా దె లోబోస్’ 1985లో రాశాడు. ఆంతోనియో మున్యోస్ మోలీనా ‘బెయాతుస్ ఇయె’ 1986ది. వీటి మీద వ్యాసాలు కావాలంటే ‘మెమోరియా’ను వదిలేసి నవల పేరు, రచయిత ఇంటిపేరు కొట్టండి. దశకాల వడపోతలో 1980లు, 1990లు తప్పకుండా తెరవండి. ఈ ఒక్క జాగ్రత్తతో థీసిస్ మొదటి అధ్యాయం నిలబడుతుంది.

స్పెయిన్‌లో మాట్లాడే మిగతా భాషల నవలలకు రెండు పేర్లూ కొట్టాలి. మనుయెల్ రీబాస్ 1998లో గలీసియన్‌లో రాసిన ‘ఓ లాపిస్ దో కార్పింతెయ్‌రో’కు స్పానిష్ పేరు ‘ఎల్ లాపిస్ దెల్ కార్పింతేరో’. బెర్నార్దో అత్షాగా బాస్క్ భాషలో 2003లో రాసిన నవల స్పానిష్‌లో ‘ఎల్ ఇహో దెల్ అకోర్దియోనిస్తా’. ఒక పేరుతో వచ్చే వ్యాసాలు రెండో పేరుతో రావు. బాస్క్ వైపు వెళ్తే యుద్ధం కన్నా దగ్గరి గతం ఎదురవుతుంది, బాస్క్ ప్రాంతానికి స్వాతంత్ర్యం కావాలని ఆయుధం పట్టిన ఈటీఏ సంస్థ హత్యల కాలం. ఫెర్నాందో అరంబూరు ‘పాత్రియా’ 2016లో వచ్చింది. ఈటీఏ 2011లో తుపాకీ దించింది, 2018లో రద్దయింది. ఒకే ఊరి రెండు కుటుంబాల మధ్య హత్య, పలకరింపులు ఆగిపోవడం, క్షమాపణ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు, ఇవి చదువుతుంటే సీమ పాఠకుడికి విడమరిచి చెప్పాల్సిన పనేమీ ఉండదు. మన దగ్గర ముఠా కక్షల మీద వచ్చిన కథలతో పోలిక పెట్టాలనుకునేవాళ్లు అంతర్యుద్ధ నవలల కన్నా దీన్నే ఎంచుకుంటే మేలు.

మూడో లోపం పుస్తకాలది. ఈ విషయం మీద అసలు బరువైన విమర్శ చాలావరకు సంకలన గ్రంథాల్లో ఉంది. మాద్రిద్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల నుంచి ఇబెరోఅమెరికానా-ఫెర్‌వ్యూర్ట్ లాంటి ప్రచురణకర్తలు వేసినవి. డియాల్నెట్‌లో వాటి అధ్యాయాల పేర్లు ఉంటాయి, పాఠం ఉండదు. ‘పూర్తి పాఠం ఉన్నవే’ అన్న వడపోత నొక్కగానే ఇవన్నీ తెర మీంచి మాయమవుతాయి. మొదటి వెతుకుడులో ఆ మీట ముట్టుకోవద్దు. ముందు అన్నీ చూసి జాబితా రాసుకోండి, తర్వాతే ఏవి దొరుకుతాయో చూడండి. దొరికిన వాటితోనే థీసిస్ అల్లడం మన దగ్గర పెద్ద జబ్బు.

ఇంగ్లీషు పత్రికల కొరత తీర్చుకోవడానికి ఇప్పుడు మన దగ్గర మంచి దారే ఉంది. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ కాలేజీలకు 30 ప్రచురణ సంస్థల పత్రికలు తెరుచుకున్నాయి. అందులో టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్ ఉన్నాయి. మొదటిదాని కింద ‘జర్నల్ ఆఫ్ స్పానిష్ కల్చరల్ స్టడీస్’, ‘బులెటిన్ ఆఫ్ స్పానిష్ స్టడీస్’ వస్తాయి, రెండోదాని కింద ‘మెమరీ స్టడీస్’. ఈ విషయానికి ఈ మూడూ గుండెకాయలే. క్యాంపస్ నెట్‌లో ఉంటే నేరుగా తెరుచుకుంటాయి. ఇంటి నుంచి చదవాలంటే మీ సంస్థ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల లాగిన్ వ్యవస్థలో చేరి ఉండాలి, లైబ్రేరియన్ మీ పేరున ఖాతా తెరవాలి. ప్రైవేటు కాలేజీల్లో పనిచేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేవాళ్లు తమ కాలేజీ ద్వారా కాకుండా, రిజిస్టరైన విశ్వవిద్యాలయం ద్వారా ఖాతా అడగాలి. దీనికి వెలుపల, పత్రికల ఆన్‌లైన్ భాండాగారం జేస్టోర్‌లో సొంత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాల దాకా తెర మీద ఉచితంగా చదవనిస్తుంది, దించుకోనివ్వదు. విషయం ఖరారు చేసుకునేముందు మన దేశపు థీసిస్‌లు దాచే శోధ్‌గంగలో ఒకసారి చూడటం మరవొద్దు, ఢిల్లీలోనో హైదరాబాదు ఇఫ్లూలోనో అదే నవల మీద ఇప్పటికే ఎవరైనా చేసి ఉంటే ముందే తెలుస్తుంది.

నవలల దగ్గర డియాల్నెట్ ఏమీ చేయలేదు. చేయాలని ఆశించడం కూడా న్యాయం కాదు. ‘సోల్దాదోస్’ను ఆన్ మెక్లీన్ ఇంగ్లీషు చేశారు, మెందేస్ పుస్తకాన్ని నిక్ కైస్టర్. ఇంగ్లీషు అనువాదాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు గానీ కొన్ని అచ్చులో లేవు, పాత ప్రతులే దిక్కు. స్పానిష్ మూలాల కోసం ఢిల్లీ సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయం ఉంది, సభ్యత్వం తీసుకున్నవాళ్లకు ఆన్‌లైన్‌లో ఈ-పుస్తకాలు కూడా అరువిస్తుంది. అనంతపురం నుంచి రైల్లో పోవాల్సిన పని లేకుండా నవల చదవడానికి ఇదే సులువు. ‘మిగెల్ దె సెర్వాంతెస్ వర్చువల్ లైబ్రరీ’ని చూసి మోసపోకండి. అది 1999 నుంచి నడుస్తున్న గొప్ప నిధే, కానీ అందులో ఎక్కువ భాగం కాపీరైటు తీరిన పాత సాహిత్యం. 2000ల నవల అక్కడ వెతకడం దండగ.

యంత్రానువాదం గురించి రెండు మాటలు. భాష రానివాళ్లు పీడీఎఫ్‌ను అనువాద యంత్రానికి ఇచ్చి చదువుతారు. వ్యాసాలకు అది చాలు. పాత పత్రికల పీడీఎఫ్‌లు ఫోటోల్లా ఉంటాయి, అక్షరాలు ఎత్తుకోవు. వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారతాయి; ఫైలు 2 ఎంబీ దాటితే సరిగా పట్టదు, పేజీలు విడగొట్టి పెట్టండి. రెండు వరుసలుగా అచ్చైన పేజీల్లో వరుసలు కలిసిపోతాయి కాబట్టి ఉటంకించే వాక్యాన్ని మూలంతో పోల్చి చూసుకోవాలి. నవలకు మాత్రం యంత్రం పనికిరాదు. స్పానిష్ క్రియ ఆడ, మగ తేడా చూపదు, కర్తను తరచూ చెప్పకుండా వదిలేస్తుంది. తెలుగులోకి దింపేటప్పుడు యంత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఎక్కువగా ‘అన్నాడు’ అనే ఎంచుకుంటుంది. దుల్సే చకోన్ 2002లో రాసిన ‘లా బోస్ దోర్మీదా’ మాద్రిద్‌లో లాస్ వెంతాస్ మహిళా జైలు కథ. గది నిండా ఆడవాళ్లే. వాళ్ల మాటల పక్కన ‘అన్నాడు’, ‘చెప్పాడు’ పడితే ఎవరు ఏది గుర్తు చేసుకుంటున్నారో తలకిందులవుతుంది. జ్ఞాపకం మీద పరిశోధనలో అదే అసలు ప్రశ్న కదా.

చరిత్రకు సంబంధించిన తేదీలు విమర్శ వ్యాసాల్లోంచి ఎత్తకండి, స్పెయిన్ అధికారిక గెజిట్ సైటు బీఓఈలో చట్టాలు ఉచితంగా ఉన్నాయి. క్షమాభిక్ష చట్టం 1977 నాటి 46వది. 2007 డిసెంబరు 26న వచ్చిన చట్టాన్ని అందరూ ‘చారిత్రక స్మృతి చట్టం’ అంటారు గానీ దాని అధికారిక శీర్షికలో ఆ మాటే లేదు. హింసకు గురైనవాళ్ల హక్కులను గుర్తించడం, పెంచడం అన్న పొడుగాటి పేరు. శీర్షికల్లో ఆ మాట కోసం వెతికితే చట్టం చిక్కదు, 52/2007 అని సంఖ్య కొట్టాలి. 2022 అక్టోబరు నాటి 20/2022 చట్టానికి మాత్రం ‘మెమోరియా దెమోక్రాతికా’ అనే పేరుంది. నవలలను ఈ తేదీల పక్కన పెట్టి చూడండి. 2000లో ప్రియరాన్సా దెల్ బియెర్సోలో ఎమీలియో సిల్వా అనే విలేకరి యుద్ధకాలంలో చంపి పూడ్చిన తన తాత సామూహిక సమాధిని తవ్వించడం, అలాంటి సమాధులు వెలికితీయడానికి ఆ వెంటనే పుట్టిన సంఘం, ఆ దశాబ్దంలో వరదలా వచ్చిన నవలలు, 2007లో చట్టం. అదే 2007లో ఇసాక్ రోసా తన పాత నవలకే వెక్కిరింపులు చేర్చి ‘అంతర్యుద్ధం మీద మరో దరిద్రపు నవల’ అన్న అర్థం వచ్చే పేరుతో మళ్లీ వేశాడు. ఆ ఏడే అల్ముదేనా గ్రాందెస్ ‘ఎల్ కొరసోన్ ఎలాదో’ కూడా వచ్చింది. ఒకే ఏడాది వచ్చిన ఈ రెంటినీ పక్కపక్కన పెడితే చక్కటి అధ్యాయం అవుతుంది.

ఫ్రాంకో తర్వాత గతాన్ని తవ్వకూడదని రాజకీయ పక్షాలు కుదుర్చుకున్నాయనే ‘మరపు ఒప్పందం’ అన్న మాట వాడేముందు చరిత్రకారుల గొడవ కూడా తెలిసుండాలి. ఆ కాలపు మౌనాన్ని చర్చించిన పలోమా అగిలార్ 1996 పుస్తకం ఒక వైపు. క్షమాభిక్ష అంటే మరచిపోవడం కాదు, గతాన్ని రాజకీయ ఆయుధంగా వాడకూడదని తెలిసి తీసుకున్న నిర్ణయం అని వాదించిన సాంతోస్ హులియా ఇంకో వైపు. డియాల్నెట్‌లో హులియా పేరు మీద నొక్కితే ఆయన వ్యాసాలు వరుసగా వస్తాయి. నవలాకారులందరూ ఒకే మాట అంటున్నారనుకునే తొందర ఇవి చదివితే తగ్గుతుంది.

చిన్న విషయమైనా చివర్లో గంటలు మింగేది పేర్ల సంగతి. స్పానిష్ వాళ్లకు ఇంటిపేర్లు రెండు. మున్యోస్ మోలీనాను అకారాది క్రమంలో మున్యోస్ కింద వేయాలి, మార్తీన్ గైతెను మార్తీన్ కింద. ఆధార గ్రంథాల జాబితా తయారుచేసే జొటేరో లాంటి సాధనాల్లోకి వివరాలు ఎత్తుకున్నప్పుడు ‘మోలీనా’, ‘గైతె’ ఇంటిపేర్లుగా పడే ప్రమాదం ఉంది, ఒక్కొక్కటి చేత్తో సరిచూడాలి. డియాల్నెట్‌లో వివరంగా వెతికే పేజీ, ఫలితాలను మూకుమ్మడిగా దించుకునే సౌకర్యం ‘డియాల్నెట్ ప్లస్’ సభ్యత్వం ఉన్న సంస్థల వాళ్లకే. మనకు ఒక్కొక్కటిగా ఎత్తుకోవడమే గతి, అదేమంత నష్టం కాదు, ఎత్తేటప్పుడే శీర్షిక చదివినట్టు అవుతుంది.

వెతుకులాటకు దీనికి అయిదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు, చదువుకు మూడు. డేటా ఎక్కువ తినదు, వ్యాసాలు ఒకటి రెండు ఎంబీలే, థీసిస్‌లు మాత్రం పెద్దవి. ఫోన్లో వడపోతలు కిందెక్కడో నక్కి ఉంటాయి, ల్యాప్‌టాప్ మీదైతేనే హాయి. సప్తగిరి సర్కిల్ దగ్గర జిరాక్సు చేయించుకునేవాళ్లు థీసిస్ మొత్తం కాకుండా విషయసూచిక చూసి కావాల్సిన అధ్యాయం పేజీ నంబర్లు రాసి ఇవ్వండి; పీడీఎఫ్ లెక్కకూ, అచ్చులోని పేజీ అంకెకూ తేడా ఉంటుంది, ఏ అంకె చెబుతున్నారో దుకాణంలో ముందే తేల్చుకోండి.

పాఠం దొరకని వ్యాసానికి చివరి మార్గం రచయితకే ఈమెయిల్ రాయడం. వాళ్లు రాసిన మరో వ్యాసం పీడీఎఫ్‌లో మొదటి పేజీ అడుగునో, విశ్వవిద్యాలయం విభాగం పేజీలోనో చిరునామా ఉంటుంది. వ్యాసం పూర్తి పేరు, పత్రిక, సంవత్సరం, మీరేం చేస్తున్నారో రెండు వాక్యాలు, అంతే రాయండి. సగటు స్పానిష్ ఆచార్యుడు అడిగితే పంపుతాడు. ఆగస్టులో మాత్రం రాయొద్దు. అక్కడ విశ్వవిద్యాలయాలు ఆ నెలంతా మూసే ఉంటాయి, తెరిచాక వచ్చిపడే ఉత్తరాల కింద మీది కూరుకుపోతుంది. సెప్టెంబరు రెండో వారం దాకా ఆగండి.